బలవంతులు, బలహీనులు, ఒకే బల్ల
(కరణ్‌కోట సంఘ కాపరి వ్రాసిన బైబిలు పాఠము)

చదువవలసిన భాగములు: రోమా 14 అధ్యాయము, 15:1–7, అపొ. కార్యములు 15:1–35, గలతీ 2:11–14.



ఈ నెల పాఠమునకు రోమీయులకు వ్రాసిన పత్రికలో 14వ అధ్యాయమును తీసికొంటిమి. చిన్న అధ్యాయమే. ఆదివారపు బైబిలు తరగతిలో చదువుటకు ఐదు నిమిషములు చాలును. కాని దానిలోని సంగతి మన గ్రామ సంఘములలో జరుగు ప్రతి కమిటీ కూటములోను వచ్చి కూర్చుండుచున్నది.

రోమా పట్టణపు సంఘములో రెండు విధముల విశ్వాసులుండిరి. కొందరు మాంసము ముట్టక కూరగాయలే తినుచు, కొన్ని దినములను ప్రత్యేకముగా ఆచరించుచుండిరి. మరికొందరు ఏదైనను తినవచ్చుననియు, దినములన్నియు సమానమేననియు ఎంచుచుండిరి. మొదటివారు రెండవవారిని చూచి వీరికి దైవభయము లేదనుకొనిరి. రెండవవారు మొదటివారిని చూచి వీరికి ఇంకను తెలివి రాలేదనుకొనిరి. 3వ వచనమును నెమ్మదిగా చదువుడి. పౌలు ఈ ఇరుపక్షములకు ఒకే గద్దింపు చేయలేదు. స్వేచ్ఛ గలవానికి కలుగు శోధన తృణీకారము. నియమము గలవానికి కలుగు శోధన తీర్పు తీర్చుట. ఎవని రోగమునకు తగిన మందును వానికి ఇచ్చెను.

మన తాండూరు, వికారాబాదు ప్రాంతపు సంఘములలో మాంసమును గూర్చి తగవు లేదు. పండుగనాడు అందరును సంతోషముగా తిందురు. మన తగవులు వేరు. ఆరాధన క్రమమును పుస్తకము చూచి చదువవలెనా, లేక హృదయములో కలిగిన మాటలతో ప్రార్థింపవలెనా? ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే పాడవలెనా, కీబోర్డు పెట్టి క్రొత్త పాటలు పాడవచ్చునా? పాత బైబిలునే చదువవలెనా, వాడుక భాషలోని అనువాదమును ప్రసంగ పీఠముమీద ఉంచవచ్చునా? స్త్రీలు ప్రసంగింపవచ్చునా? ఇరుగుపొరుగువారు బతుకమ్మకు పిలిచినప్పుడు మన ఆడపిల్లలు వెళ్ళి నిలువవచ్చునా? 2020లో కరోనా వచ్చిన తరువాత మరియొకటి చేరెను: ప్రభు బల్లయొద్ద అందరును ఒకే గిన్నెలోనిది త్రాగవలెనా, చిన్న గ్లాసులలో పోయవలెనా?

"అయ్యగారూ, మా నాయిన మోకాళ్ళ మీద ఉండి బల్ల తీస్కున్నడు. ఇప్పుడు నిలవడి తీస్కుంటమంటున్రు. గిదేం భక్తి?" అని ఒక పెద్దాయన అడుగును. "తాతా, దేవుడు మోకాళ్ళు చూస్తడా, మనసు చూస్తడా?" అని మనుమడనును. మనుమని మాటలో సత్యమున్నది. అయితే పెద్దాయనది వట్టి మొండితనమని తలంపవద్దు. మోకాలు వంగుచు వంగుచు మనసు కూడ వంగుట నేర్చుకొనును. ఏబది యేండ్లు అట్లు నేర్చుకొనిన మనిషి అతడు.

ఇంగ్లీషువారు ఇట్టివారికి కన్సర్వేటివులు, లిబరలులు అని పేర్లు పెట్టిరి. మనము పూర్వాచారపరులు, ఉదారభావులు అందము. ఈ పేర్లను జాగ్రత్తగా వాడవలెను. కీబోర్డు కావలెనను పడుచువాడు తన భార్య సంఘములో నోరు విప్పుటకు ఒప్పుకొనడు. పాత కీర్తన ఒక్క అక్షరము మార్చకూడదను ముసలమ్మ, ఆడది ప్రసంగము చేసిన తప్పేమని అడుగును. ఒక్క మనిషిలోనే ఇద్దరుందురు.

ఇట్టి తగవు వచ్చినప్పుడు మన పెద్దలు సాధారణముగా చేయునది పంపకము. రెండు కీర్తనలు వారివి, రెండు పాటలు వీరివి. పొలము గట్టు తగవు తీర్చినట్లు తీర్చి అందరును ఇంటికి పోవుదురు. ఇది చెడ్డదని చెప్పను, ఒక్కొక్కప్పుడు అంతకంటె చేయగలిగినది లేదు. కాని ఇరువురికిని మధ్యనున్న గీత వేరు, ఇరువురును కలిసి నిలువగల నేల వేరు. ఈ భేదమును తెలిసికొనుటకు మన దక్షిణ దేశములోనే గొప్ప దృష్టాంతమున్నది. దానిని కొంచెము విస్తారముగా చెప్పెదను, ఏలయనగా మన యువకులలో అనేకులకు ఇది తెలియదు.

పూర్వము మిషనువారు తమలో తాము జిల్లాలు పంచుకొనిరి. మెదకు ప్రాంతము ఇంగ్లండు నుండి వచ్చిన వెస్లియను మెథడిస్టులది. మన వికారాబాదు, తాండూరు, బీదరు ప్రాంతము అమెరికా మెథడిస్టులది. దోర్నకలు ఆంగ్లికనులది. గుంటూరు లూథరనులది. నెల్లూరు, ఒంగోలు బాప్తిస్టులది. కడప, జమ్మలమడుగు ప్రాంతములలో కాంగ్రిగేషనలు మతమునకు చెందిన లండను మిషను పని చేసెను. నంద్యాల ప్రాంతములో ఎస్. పి. జి. అను ఆంగ్లికను మిషను ఉండెను. కాబట్టి మన తాతలు ఏ సిద్ధాంతమును పరీక్షించి లూథరనులో మెథడిస్టులో కాలేదు. ఏ తాలూకాలో పుట్టిరో దానినిబట్టి అయిరి. మెదకువారును మనమును ఒకే జాన్ వెస్లీ బిడ్డలమైనను, మిషను గీత మధ్యనుండుటవలన వేరు వేరు ఇండ్లలో పెరిగితిమి.

1919 మే నెలలో తమిళ దేశపు సముద్రతీరమున, తరంగంబాడిలో 33 మంది సంఘ సేవకులు కూడిరి. వారిలో ఇద్దరు తప్ప తక్కినవారందరును భారతీయులే. ముఖ్యుడు దోర్నకలు బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడాయన, తెలుగువారి మధ్య అనేక సంవత్సరములు గడిపెను. 1912లో ఆంగ్లికను సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు. ఈ విభజనలు మేము కోరి తెచ్చుకొన్నవి కావు, పరదేశములోని పాత తగవులనుండి మామీద పడినవి. వీటిని విడిచి సువార్త నిమిత్తము ఒకటి కావలెనని వారు ప్రకటించిరి. మాట సులభమే. దానిని నెరవేర్చుటకు 28 సంవత్సరములు పట్టెను.

అడ్డమేమి? ముఖ్యమైనది బిషప్పు. ఆంగ్లికనులు పూర్వాచారమును గట్టిగా పట్టుకొనినవారు. అపొస్తలుల కాలమునుండి చేతినుండి చేతికి వచ్చిన బిషప్పుల వరుస లేకుండ సంఘ పరిచర్య సంపూర్ణము కాదని వారిలో అనేకుల నమ్మకము. కాంగ్రిగేషనలువారు, ప్రెస్బిటేరియనులు 1908లోనే ఒకటై దక్షిణ ఇండియా ఐక్య సంఘముగా ఏర్పడియుండిరి. వీరు స్వేచ్ఛ గలవారు. బిషప్పు లేకుండనే మాకు పరిశుద్ధాత్మ దేవుడు సేవకులను ఇచ్చెను గదా, ఇప్పుడు మా సేవకుల తలలమీద మరల చేతులుంచిన యెడల ఇదివరకు మేమిచ్చిన రొట్టె రొట్టె కాదా అని అడిగిరి. సంఘమందలి సామాన్య విశ్వాసి కూడ ప్రభు భోజనము నడిపింపవచ్చునా అను ప్రశ్న కూడ లేచెను. మెథడిస్టులు ఈ రెంటికిని మధ్య నిలిచిరి.

పంపకము చేయదలచినయెడల సగము బిషప్పును చేయవలెను! అది కుదరదు. వారు చేసినది వేరు. బిషప్పు పదవిని అందరును అంగీకరించిరి. అయితే ఆ పదవిని గూర్చి ఫలాని అర్థమునే నమ్మవలెనని ఎవరిని బలవంతము చేయలేదు. అపొస్తలుల వరుస అని నమ్మువాడు అట్లే నమ్మును, సంఘము చక్కగా నడుచుటకు మంచి ఏర్పాటని ఎంచువాడు అట్లే ఎంచును. అప్పటికే సేవలోనున్నవారిని, ఏ సంఘమునుండి వచ్చినను, మరల హస్తనిక్షేపణము లేకుండనే చేర్చుకొనిరి. ఇకముందు జరుగు హస్తనిక్షేపణములు మాత్రము బిషప్పులచేత జరుగవలెను. ఈ రెండు విధముల సేవకులు కలిసి పనిచేయు కాలమునకు 30 సంవత్సరములు గడువు పెట్టిరి. అన్నిటికంటె ముఖ్యముగా ఒక ప్రమాణము చేసిరి: ఏ స్థానిక సంఘముమీదను దాని మనస్సాక్షికి విరోధమైన ఆరాధన పద్ధతిని గాని సేవకుని గాని రుద్దబోమని.

ఈ ప్రమాణమును గూర్చి నేను తరచుగా ఆలోచించుచుందును. ఓట్లు ఎక్కువైనవారు ఓట్లు తక్కువైనవారికి ముందుగానే ఇచ్చిన మాట అది. మన కమిటీలలో ఓటు గెలిచినవాడు మరునాడే తాళపుచెవి తన జేబులో వేసికొనును.

పని తేలికగా జరుగలేదు. ఇంగ్లండులో టి. ఎస్. ఎలియట్ అను ప్రసిద్ధ కవి 1943లో ఈ ఐక్యతను ఖండించుచు చిన్న పుస్తకమే వ్రాసెను. అజరయ్యగారు 1945 జనవరి 1న దోర్నకలులో ప్రభునందు నిద్రించిరి. ఆ నెలలోనే ఆంగ్లికను సంఘపు సర్వసభ ఐక్యతకు అనుకూలముగా తీర్మానించెను. మోషే నెబో కొండమీద నిలిచినట్లు ఆయన దూరమునుండి చూచెను గాని ప్రవేశింపలేదు. 1947 సెప్టెంబరు 27న, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకు, మద్రాసు సెయింట్ జార్జి దేవాలయములో దక్షిణ ఇండియా సంఘము స్థాపింపబడెను. మన పొరుగు మెదకు మెథడిస్టులు అందులో చేరిరి. అమెరికా మెథడిస్టులమైన మనము చేరలేదు. ఉత్తర ఇండియా సంఘము 1970లో ఏర్పడినప్పుడు కూడ మన సంఘము చివరకు వెలుపలనే నిలిచి, 1981లో ఇండియా మెథడిస్టు సంఘముగా స్వతంత్రమాయెను. లూథరనులు, బాప్తిస్టులు కూడ చేరలేదు. చేరనివారందరు ఐక్యతకు శత్రువులని చెప్పుట న్యాయము కాదు. బాప్తిస్టుకు బాప్తిస్మమును గూర్చి మనస్సాక్షి యున్నది. కాని చేరకుండనే కలిసి నిలిచిన నేల ఒకటి దొరికెను. 1964లో రాజమహేంద్రవరములో ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కళాశాల ప్రారంభమై, తరువాత హైదరాబాదునకు వచ్చెను. లూథరను, బాప్తిస్టు, మెథడిస్టు, దక్షిణ ఇండియా సంఘపు విద్యార్థులు ఒకే గదిలో గ్రీకు పాఠము చదివి, ఒకే వంటశాలలో అన్నము తినిరి. ముంచు బాప్తిస్మమా, చిలకరించు బాప్తిస్మమా అని రాత్రి వాదించుకొని ఉదయము ఒకే ప్రార్థనకు వచ్చుట సెమినరీలో చదివినవారందరికి తెలిసిన సంగతే.

ఇప్పుడు నంద్యాల మాట. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో ఎక్కువమంది 1947లో ఐక్య సంఘములోనికి రాలేదు. బిషప్పు చేతులుంచని సేవకుని పరిచర్యను మేము అంగీకరింపజాలమని నిలిచిరి. అందరి మనస్సులలో సిద్ధాంతమే ఉండెనా, లేక స్థానికమైన పోటీలును ఉండెనా అని ఎవరైన అడుగవచ్చును. మనుష్యుల సంఘములలో ఈ రెండును కలిసియే యుండును. ఏమైనను వారిని బలవంతముగా లాగలేదు. వారు పాత ఆంగ్లికను సంఘములోనే యుండిరి, 1963లో నంద్యాల ప్రత్యేక డయాసిసు ఆయెను. 1975లో దక్షిణ ఇండియా సంఘములో చేరిరి. లెక్క చూడుడి: తరంగంబాడి నుండి మద్రాసు వరకు 28 సంవత్సరములు, మద్రాసు నుండి నంద్యాల వరకు మరల 28 సంవత్సరములు. ఒక తరము మనుష్యులు ఎదురుచూచిరి.

తరువాత జరిగినది వినుడి. దక్షిణ ఇండియా సంఘము 1970ల దశకములో స్త్రీలకు హస్తనిక్షేపణము చేయ మొదలుపెట్టెను. 2013 సెప్టెంబరులో ఆ సంఘములో మొట్టమొదటిసారి ఒక స్త్రీ బిషప్పుగా ప్రతిష్ఠింపబడెను. ఆమె ఇ. పుష్పలలితగారు. ఆమె ఏ డయాసిసుకు బిషప్పు అయిరి? నంద్యాలకే. బిషప్పుల వరుసను గూర్చి అంత పట్టుదలగా వెలుపల నిలిచిన చోటనే ఆ వరుసలో తొలి స్త్రీ చేరెను. 1947లో నంద్యాలవారిని పాత ఛాందసులని తృణీకరించినవారు గాని, ఐక్యతలో చేరినవారిని భ్రష్టులని తీర్పు తీర్చినవారు గాని దీనిని ఊహించియుండరు.

రోమా 14:4 ఇక్కడ అర్థమగును. పరుని దాసునికి యజమానుడు వేరే ఉన్నాడు. ఆ దాసుడు ఎక్కడికి నడుచునో ఈ దినము మనకు కనబడదు.

అయితే ఒక ప్రశ్న మిగిలియున్నది. అన్ని విషయములలోను ఇట్లే ఎవరి మనస్సాక్షికి వారిని విడువవచ్చునా? కాదు. గలతీ 2వ అధ్యాయము తెరచి చూడుడి. రోమాలో కూరగాయలు తినువానిని ఓర్చుకొనుమని వ్రాసిన ఈ పౌలే అంతియొకయలో పేతురును ముఖముఖిగా ఎదిరించెను. అదియు భోజనము సంగతియే గదా! భేదమేమి? రోమాలో ఒకడు తన పళ్ళెములో ఏమి పెట్టుకొనవలెనన్నది ప్రశ్న. అంతియొకయలో ఎవనితో కూర్చుండవలెనన్నది ప్రశ్న. పేతురు అన్యజనుల బల్లనుండి లేచిపోయెను. అక్కడ పౌలు మధ్యేమార్గము వెదకలేదు. అపొ. కార్యములు 15లో యెరూషలేము సభ కూడ అదే చేసెను: అన్యజనులమీద సున్నతి మోపలేదు, యూదులు వారితో కలిసి మెలగుటకు అడ్డము రాకుండ కొన్ని సంగతులు మాత్రము విసర్జింపుమని కోరెను.

మన తెలుగు సంఘములకు ఇది దూరపు మాట కాదు. మాలవారు, మాదిగవారు ఒకే సంఘములోనికి వచ్చినప్పుడు, ఒకరి గిన్నెను మరియొకరు ముట్టమని చెప్పిన కాలముండెను. అది మా ఆచారము, మా మనస్సాక్షి అనియే వారును అనిరి. అజరయ్యగారు బిషప్పుల సిద్ధాంతము విషయములో ఎంత ఓర్పు గలవారో, ప్రభు బల్లయొద్ద కులము విషయములో అంత కఠినులు. నా ఉద్దేశములో ఈ రెండును ఒకే మనస్సునుండి వచ్చినవి. బల్ల ఒకటిగా నుండుటకే బిషప్పును గూర్చిన వాదములను ఓర్చుకొనిరి. బల్ల ఒకటిగా నుండుటకే కులమును ఓర్చుకొనలేదు. కాబట్టి ఒక ఆచారము మనముందుకు వచ్చినప్పుడు, ఇది పాతదా క్రొత్తదా అని అడుగుటకంటె, దీనివలన ఎవడైన బల్లనుండి లేచిపోవలసి వచ్చునా అని అడుగుట మంచిది.

ఇది తెలిసినంత మాత్రమున తగవులన్నియు తీరవు. అమెరికాలోని మన మెథడిస్టు సహోదరులను చూడుడి. స్త్రీ పురుషుల వివాహమును గూర్చియు, ఒకే లింగమువారి సహవాసమును గూర్చియు వారిలో వాదము పెరిగి, 2019 మొదలు 2023 వరకు 7,600కు పైగా సంఘములు యునైటెడ్ మెథడిస్టు సంఘమును విడిచెను. విడిచినవారిలో అనేకులు 2022లో గ్లోబలు మెథడిస్టు సంఘమను పేర వేరే కూడిరి. అక్కడ ఒక పక్షమువారు ఇది రోమా 14 వంటి సంగతి అనిరి. రెండవ పక్షమువారు ఇది లేఖన విధేయత సంగతి, పళ్ళెములోని కూరగాయ కాదనిరి. అనగా ఏది ఏ జాబితాలోనిదో అన్నదే తగవాయెను. దీనిని ఈ పాఠములో తేల్చుటకు నేను పూనుకొనను. ఒకటి మాత్రము గమనింపుడి: విడిపోవు సమయమున భవనములకును ఆస్తులకును లెక్క కట్టి చెల్లింపులు చేసికొనవలసి వచ్చెను. విడిపోవుటకును ఓర్పు కావలెను, కలిసియుండుటకు కావలసినంత.

జాన్ వెస్లీగారి ప్రసంగములలో "కేథలిక్ స్పిరిట్" అనునది ఒకటి, 1750లో అచ్చయినది. దానికి మూలవాక్యము 2 రాజులు 10:15. యెహూ తనకెదురైన యెహోనాదాబు హృదయమును గూర్చి అడిగి, చేయి చాపి రథమెక్కించుకొనిన కథ. అభిప్రాయములు వేరైనను హృదయములు కలియవచ్చునని వెస్లీగారి బోధ. అయితే సిద్ధాంతములన్నియు ఒకటే, ఏది నమ్మినను చాలునని చెప్పువానిని ఆయన అదే ప్రసంగములో మందలించిరి. విశాల హృదయమునకు స్థిరమైన నమ్మకము అడ్డము కాదు. ఆయనకును జార్జి విట్‌ఫీల్డుగారికిని దేవుని ముందు నిర్ణయమును గూర్చి తీవ్రమైన వాదము జరిగెను, కొంతకాలము మాటలు కూడ కష్టమాయెను. 1770లో విట్‌ఫీల్డుగారు అమెరికాలో చనిపోగా, లండనులో జ్ఞాపకార్థ ప్రసంగము చేసినవారు వెస్లీగారే.

మన సంఘములకు వత్తము. కరణ్‌కోటలో సిమెంటు కర్మాగారము వచ్చిన తరువాత వేరు వేరు జిల్లాల విశ్వాసులు, వేరు వేరు అలవాట్లతో, మన బెంచీలమీద కూర్చుండుచున్నారు. కన్నడ దేశము సరిహద్దు దగ్గరలోనే ఉన్నది. పాటలో రాగమైనను ఒకటిగా నుండదు. నాపరాయి గనులలో పనిచేయు సహోదరులకు ఈ మాట తెలియును: పొరలు పొరలుగా లేచు బండను తొందరపడి కొట్టినయెడల అడ్డముగా పగులును. ఎక్కడ చీల పెట్టవలెనో వెదకుటకు కొంత సమయము పట్టును.

ఈ నెల కమిటీలో ఏదైన మార్పు ప్రతిపాదన వచ్చినయెడల ఓటు వేయకముందు ఒక పని చేయుడి. మార్పు కోరినవాడు లేచి, దానిని వద్దనువాని కారణమును, వాడే చెప్పినట్లుగా, చెప్పవలెను. వద్దనువాడు లేచి కోరినవాని కారణమును అట్లే చెప్పవలెను. "ఔను, నా మాట ఇదే" అని ఎదుటివాడు ఒప్పుకొనువరకు ఎవరును తమ వాదము మొదలుపెట్టకూడదు. ఇందుకు ఒక గంట పట్టవచ్చును. కంది కోతల కాలమైనయెడల కూటమును రాత్రికి పెట్టుకొనుడి.

బైబిలు తరగతిలో మాటలాడుకొనుటకు కొన్ని ప్రశ్నలు: రోమా 14లో పౌలు బలహీనుడని ఎవరిని పిలిచెను, మన సంఘములో ఆ పేరు ఎవరికి తగును? ఓటు గెలిచినవారు ఓడినవారికి ఇయ్యవలసిన మాట మన సంఘములో ఎప్పుడైన ఇచ్చిరా? పెద్దలు యువకులయొద్ద నేర్చుకొనిన కీర్తన ఏదైన ఉన్నదా, యువకులు పెద్దలయొద్ద నేర్చుకొనినది ఏది? ప్రభు బల్లయొద్దకు మన సంఘములో ఎల్లప్పుడును చివరగా వచ్చువారెవరు, ఏ కారణమున?